కీమో మందు తగిలాక రొమ్ము క్యాన్సర్ కణం ఏం చేస్తుందో ల్యాబ్‌లో చూడటం ఎలా

కొత్తగా ప్రాజెక్టుకు వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు నన్ను ముందుగా అడిగేది, "అక్కా, డాక్సోరూబిసిన్ ఎంత వెయ్యాలి, ఎన్ని గంటలు ఉంచాలి?" అని. దానికి జవాబు కింద ఇస్తాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మందు డీఎన్ఏను దెబ్బతీసిందని చూపిస్తే మీకు చాలా, లేక ఆ దెబ్బ తిన్నాక కణం ఏం చేసిందో కూడా తెలియాలా? మొదటిది రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. రెండోదానికి వారాలు పడుతుంది. థీసిస్‌లో రాయదగ్గది రెండోదే అని నా నమ్మకం, అందుకే ఇదంతా దాని కోసమే రాస్తున్నాను.

మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఏసీ అనే కీమో ఇచ్చారు. డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి మూడు వారాలకొకసారి, నాలుగు సార్లు. ఎర్రటి మందు సిరంజిలో చూసి ఆమె నన్ను అడిగింది, "ఇది గడ్డ ఎక్కడుందో ఎలా కనిపెడుతుందే?" అని. కనిపెట్టదు. అందిన కణాలన్నిటిలోకీ వెళ్తుంది. వేగంగా విభజన చెందే కణాలకు దెబ్బ ఎక్కువ, అందుకే జుట్టు ఊడుతుంది, రక్తకణాలు తగ్గుతాయి. గడ్డ కరుగుతుందా లేదా అన్నది మందు ఎంత దెబ్బ కొట్టిందన్న దాని మీదే కాదు, ఆ దెబ్బను కణం ఎలా తట్టుకుంటుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మనం డిష్‌లో చూడబోయేది ఈ రెండో సంగతిని.

కణం లోపల జరిగేది

డాక్సోరూబిసిన్ డీఎన్ఏ మెట్ల మధ్యలోకి దూరుతుంది. టోపోఐసోమరేజ్ 2 అనే ఎంజైమ్ డీఎన్ఏను కోసి, ముడి విప్పి, మళ్లీ అతికిస్తూ ఉంటుంది. ఈ మందు ఉన్నప్పుడు కోత పడుతుంది గానీ అతుకు పడదు. రెండు పోగులూ తెగిన చోటు అలాగే మిగిలిపోతుంది.

తెగిన చోటును ఏటీఎం అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) పసిగడుతుంది. చుట్టుపక్కల ఉన్న హెచ్2ఏఎక్స్ అనే హిస్టోన్ (డీఎన్ఏను చుట్టి ఉంచే ప్రొటీన్) మీద 139వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇలా ఫాస్ఫేట్ తగిలిన దాన్నే గామా హెచ్2ఏఎక్స్ అంటాం. అమెరికాలో విలియమ్ బోనర్ బృందం 1998లో దీన్ని బయటపెట్టింది. ఒక్క తెగుడుకు చుట్టూ వేలాది హిస్టోన్లు ఈ గుర్తు వేసుకుంటాయి కాబట్టి యాంటీబాడీతో చూస్తే మైక్రోస్కోప్ కింద ఒక చుక్కలా వెలుగుతుంది. ల్యాబ్‌లో ఈ చుక్కలను ఫోసై అంటాం. ఆ చుక్క దగ్గరికి 53బీపీ1, బీఆర్‌సీఏ1, ఆర్ఏడీ51 వంటి రిపేరు ప్రొటీన్లు చేరతాయి. మరోపక్క ఏటీఎం నుంచి సీహెచ్‌కే2, అక్కడి నుంచి పీ53, పీ53 నుంచి పీ21 దాకా సంకేతం వెళ్లి కణచక్రం ఆగుతుంది. రెప్లికేషన్ (డీఎన్ఏ కాపీ కావడం) మధ్యలో ఇరుక్కున్న డీఎన్ఏ విషయంలో ఏటీఆర్, సీహెచ్‌కే1 ఆ పని చూస్తాయి.

ఆగిన కణం ముందు దారులు కొన్నే ఉన్నాయి. రిపేరు చేసుకుని మళ్లీ విభజన మొదలుపెట్టడం, చనిపోవడం, బతికే ఉండి విభజన మానేయడం, లేదా రిపేరు పూర్తికాకుండానే ముందుకు తోసుకుపోవడం. ఫోసై ఫొటో ఒక్కటే చూస్తే వీటిలో ఏది జరగబోతోందో చెప్పలేం.

ఏ కణాలు తీసుకోవాలి

కనీసం రెండు లైన్లు, అంటే ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాల రకాలు, తీసుకోండి. వాటి జన్యువుల సంగతి ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

ఎంసీఎఫ్-7 దాదాపు ప్రతి ల్యాబ్‌లో ఉంటుంది. మిచిగాన్‌కు చెందిన సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సెస్ అనే సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన ద్రవం నుంచి ఈ కణాలు వచ్చాయి. ఆమె 1970లో చనిపోయారు. హెర్బర్ట్ సూల్ బృందం 1973లో ఈ లైన్ గురించి ప్రచురించింది. ఫ్లాస్క్ తీసిన ప్రతిసారీ ఇవి ఒక మనిషి కణాలని గుర్తుంచుకుంటే పనిలో శ్రద్ధ దానంతటదే వస్తుంది. దీనికి ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉంది, పీ53 మామూలుగా పనిచేస్తుంది. కానీ కణం చావులో పనిచేసే కాస్పేజ్-3 అనే ఎంజైమ్ లేదు, ఆ జన్యువులో 47 బేస్‌లు ఊడిపోయాయి. అందుకని ఎంసీఎఫ్-7లో క్లీవ్డ్ (తెగి చురుకైన) కాస్పేజ్-3 కోసం వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష) వేసి, బ్యాండ్ రాలేదు కాబట్టి కణాలు చావలేదని రాయకండి. కాస్పేజ్-7 చూడండి, లేదా పార్ప్ అనే రిపేరు ప్రొటీన్ 116 కిలోడాల్టన్ల నుంచి 89కి తెగిందా చూడండి.

ఎండీఏ-ఎంబీ-231 ట్రిపుల్ నెగటివ్ లైన్, అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు, హెర్2 ప్రొటీన్ మూడూ లేనిది. ఇందులో పీ53 ఉంటుంది గానీ 280వ స్థానంలో మారిపోయి పనిచేయదు. కాబట్టి జీ1 (డీఎన్ఏ కాపీకి ముందు దశ) దగ్గర బ్రేకు సరిగ్గా పడదు, జీ2 (కాపీ అయ్యాక విభజనకు ముందు దశ) మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ రెండు లైన్లు పక్కపక్కన పెడితే ఒకే మందుకు రెండు రకాల స్పందనలు కళ్ల ముందే కనిపిస్తాయి. బీఆర్‌సీఏ1 లోపం ఉన్నప్పుడు ఏమవుతుందో చూడాలంటే మూడోది ఎండీఏ-ఎంబీ-436. పోల్చడానికి క్యాన్సర్ కాని రొమ్ము కణాలు కావాలంటే ఎంసీఎఫ్-10ఏ ఉంది. దానికి హార్స్ సీరం, ఈజీఎఫ్, ఇన్సులిన్, హైడ్రోకార్టిసోన్, కలరా టాక్సిన్ కావాలి, మీడియా (కణాలు పెరిగే ద్రవం) ఖర్చు ఎక్కువే. అందులోనూ కొన్ని జన్యువులు పోయాయి కాబట్టి దాన్ని "నార్మల్" అని రాయకుండా క్యాన్సర్ కాని లైన్ అని రాయండి.

కణాలు పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. తెచ్చుకోండి, కానీ ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (కణాలు ఏ లైనువో తేల్చే డీఎన్ఏ పరీక్ష) చేయించండి, లేదా పుణెలోని ఎన్‌సీసీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్) లాంటి కణాల రిపాజిటరీ నుంచి తీసుకోండి. ఎండీఏ-ఎంబీ-435ను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ లైన్ అనుకుని ఎన్నో పేపర్లు రాశారు, తీరా చూస్తే అది ఎం14 అనే మెలనోమా (చర్మ క్యాన్సర్) లైన్. కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష కూడా తప్పనిసరి. మైకోప్లాస్మా ఉన్న కణాల్లో డీఎన్ఏ దెబ్బ మందు వేయకముందే మొదలై ఉంటుంది. డీఎన్ఏకు పట్టే డాపీ రంగు వేసినప్పుడు కేంద్రకం బయట సన్నని చుక్కలు కనిపిస్తే ప్రయోగం అక్కడే ఆపేయండి.

మందు

పని మొదలుపెట్టే ముందే రెండు జతల గ్లవ్స్, హుడ్, సైటోటాక్సిక్ అని రాసిన పసుపు సంచి సిద్ధంగా ఉండాలి. మందు కలిసిన మీడియా సింకులో పోయడానికి వీల్లేదు. పెద్దమ్మ చేతికి ఆ మందు ఎక్కించిన నర్సు ఎంత జాగ్రత్తగా పట్టుకుందో చూశాను. మన ట్యూబులో ఉన్నదీ అదే మందు.

డాక్సోరూబిసిన్ స్టాక్ 10 మిల్లీమోలార్ చేసుకుని, చిన్న చిన్న భాగాలుగా, ఫాయిల్ చుట్టి మైనస్ 20లో పెట్టండి. వెలుతురు దానికి పడదు. వాడాల్సింది 0.1 నుంచి 1 మైక్రోమోలార్ మధ్యలో. పేషెంటు రక్తంలో ఇంజెక్షన్ ఇచ్చిన కొద్దిసేపు మైక్రోమోలార్ స్థాయిలో ఉండి, తర్వాత త్వరగా నానోమోలార్‌లోకి పడిపోతుంది. 10 మైక్రోమోలార్ 24 గంటలు ఉంచి "కణాలన్నీ చచ్చాయి" అంటే అది ఏ మనిషి శరీరంలోనూ జరగని సంగతి. పైగా ఎక్కువ డోసులో డాక్సోరూబిసిన్ హిస్టోన్లనే డీఎన్ఏ నుంచి ఊడగొడుతుంది, హెచ్2ఏఎక్స్‌తో సహా. దెబ్బ పెరిగినా సిగ్నల్ తగ్గినట్టు కనిపిస్తుంది.

సిస్ప్లాటిన్‌ను డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించకండి. డీఎంఎస్ఓ ప్లాటినంకు అంటుకుని మందును పనికిరాకుండా చేస్తుంది. ఎన్నో ల్యాబుల్లో ఇది ఇంకా జరుగుతోంది, నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే నెలల కొద్దీ చేసిన పని పోతుంది. 0.9 శాతం సెలైన్‌లో అప్పటికప్పుడు కరిగించుకోండి. 5 నుంచి 20 మైక్రోమోలార్ వాడొచ్చు.

ఏసీలో రెండో మందు సైక్లోఫాస్ఫమైడ్. దాన్ని నేరుగా డిష్‌లో వేసి లాభం లేదు. కాలేయంలోని ఎంజైములు మారిస్తేనే అది పనిచేసే మందు అవుతుంది. డిష్‌లో కావాలంటే ముందే మార్చిన 4-హైడ్రోపెరాక్సీ రూపం కొనాలి. ప్యాక్లిటాక్సెల్ అసలు డీఎన్ఏ మందే కాదు, మైక్రోట్యూబుల్స్‌ను పట్టేస్తుంది. కీమో మందే అయినా వేరే దారిలో చంపుతుంది కాబట్టి పోల్చడానికి మంచిది.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో నడిపిన బృందం నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు చాలాకాలం ఇచ్చిన సీఎంఎఫ్ కీమోలో మధ్యలోని ఎం అదే. అది డీఎన్ఏను కోయదు, థైమిడిన్ తయారు కాకుండా ఆపి రెప్లికేషన్‌ను ఆకలితో మాడుస్తుంది. దాన్ని వేసినా గామా హెచ్2ఏఎక్స్ కనిపిస్తుంది, కాకపోతే ఎస్ ఫేజ్‌లో (డీఎన్ఏ కాపీ అయ్యే దశలో) ఉన్న కణాల్లో.

ఏ మందుకు ఎప్పుడు చూడాలి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. రేడియేషన్ ఇస్తే అరగంటలో ఫోసై శిఖరానికి చేరి తర్వాత తగ్గుతాయి. అదే టైమ్ టేబుల్ ప్రతి మందుకూ వేస్తే తప్పు లెక్కలు వస్తాయి.

ఎటోపోసైడ్ కూడా టోపోఐసోమరేజ్ 2 మందే. గంట ఉంచి కడిగేస్తే వదిలిపోతుంది, కొన్ని గంటల్లో ఫోసై బాగా తగ్గుతాయి. రిపేరు వేగం కొలవాలంటే ఇది వాడండి. డాక్సోరూబిసిన్ అలా కాదు. కడిగినా కేంద్రకంలో చాలా భాగం మిగిలే ఉంటుంది. మరుసటి రోజు కూడా ఫోసై ఉంటే దాన్ని "రిపేరు జరగలేదు" అనలేం, మందు ఇంకా కోస్తూనే ఉండొచ్చు. సిస్ప్లాటిన్ మొదట డీఎన్ఏ బేస్‌లను ఒకదానికొకటి అతికిస్తుంది. రెప్లికేషన్ అక్కడికి వచ్చి తగిలినప్పుడే చాలావరకు తెగుళ్లు పుడతాయి. రెండు గంటలకు చూస్తే ఏమీ ఉండకపోవచ్చు, 24 గంటలకు నిండుగా కనిపిస్తాయి.

నేను పెట్టించే సమయాలు ఇవి. డాక్సోరూబిసిన్ 0.5 మైక్రోమోలార్ రెండు గంటలు, తర్వాత మూడుసార్లు గోరువెచ్చని మీడియాతో కడగడం, అప్పుడే ఒక స్లైడ్, 6 గంటలకు ఒకటి, 24కి ఒకటి, 48కి ఒకటి. పక్కనే ఎటోపోసైడ్ కూడా. మందు వేయని కణాలు ప్రతి సమయానికీ విడిగా ఉండాలి, ఎందుకంటే మామూలుగా పెరిగే కణాల్లో కూడా రెప్లికేషన్ వల్ల కొన్ని ఫోసై ఉంటాయి.

స్టెయినింగ్

24 వెల్ ప్లేట్‌లో 12 మిల్లీమీటర్ల గుండ్రటి కవర్‌స్లిప్‌లు పెట్టి, వెల్‌కు 50 వేల కణాలు వేసి రాత్రంతా ఉంచండి. ఎంసీఎఫ్-7 గుంపులుగా పెరుగుతుంది కాబట్టి ట్రిప్సిన్ తర్వాత పైపెట్‌తో బాగా విడదీయాలి, లేకపోతే కేంద్రకాలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క కుదరదు.

సమయం అయ్యాక పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు, ఫ్యూమ్ హుడ్‌లోనే. 0.3 శాతం ట్రైటాన్ డిటర్జెంట్ 10 నిమిషాలు. 3 శాతం బీఎస్ఏ ప్రొటీన్‌తో గంట బ్లాకింగ్. తర్వాత గామా హెచ్2ఏఎక్స్ యాంటీబాడీ. ఇది ఖరీదైనది కాబట్టి వెల్‌లో పోయకండి. పెట్రి డిష్‌లో తడి టిష్యూ వేసి, దాని మీద పారాఫిల్మ్ పరిచి, 30 మైక్రోలీటర్ల చుక్క పెట్టి కవర్‌స్లిప్‌ను కణాలు కిందికి వచ్చేలా దాని మీద బోర్లించండి. 1:500తో మొదలుపెట్టి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచండి. పొద్దున మూడుసార్లు కడగడం, సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకునే రంగు యాంటీబాడీ) గంటసేపు చీకట్లో, మళ్లీ కడగడం, డాపీ, మౌంటింగ్.

సెకండరీ యాంటీబాడీ రంగు ఏది అన్నది చిన్న విషయం కాదు. డాక్సోరూబిసిన్ తనంతట తానే వెలుగుతుంది. 480 నానోమీటర్ల దగ్గర వెలుతురు పీల్చుకుని నారింజ, ఎరుపు వైపు వదులుతుంది, అదీ సరిగ్గా కేంద్రకంలో. ఎర్ర రంగు సెకండరీ వేసి మెరిసే కేంద్రకాలు చూసి సంబరపడితే మీరు చూస్తున్నది మందునే. ఫార్ రెడ్‌లో, అంటే 647 వంటి రంగులో చూడండి. అంతకంటే ముఖ్యం, మందు వేసి యాంటీబాడీలేవీ వేయని కవర్‌స్లిప్ ఒకటి ప్రతి ప్రయోగంలో ఉండాలి. సెకండరీ మాత్రమే వేసినది ఇంకొకటి.

లెక్క

63 ఎక్స్ ఆయిల్ లెన్స్, జడ్ స్టాక్ (వేర్వేరు లోతుల్లో తీసిన ఫొటోల వరుస), అన్ని స్లైడ్లకూ ఒకే ఎక్స్‌పోజర్. ఏ స్లైడ్ ఏదో తెలియకుండా ఇంకొకరి చేత నంబర్లు వేయించి లెక్కపెట్టండి. ఇది నామమాత్రం పని కాదు. ఏది మందు వేసిన స్లైడో తెలిస్తే కన్ను చుక్కల్ని వెతుక్కుంటుంది, ఎంత నిజాయితీగల మనిషికైనా. ఒక్కో కండిషన్‌కు కనీసం 100 కేంద్రకాలు, విడివిడి రోజుల్లో చేసిన మూడు ప్రయోగాలు. ఒకే రోజు మూడు వెల్‌లు మూడు ప్రయోగాలు కావు. ఫిజీ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఫైండ్ మాక్సిమా వాడొచ్చు, ప్రామినెన్స్ విలువ ఒకసారి నిర్ణయించాక అన్ని ఫొటోలకూ అదే.

కొన్ని కేంద్రకాల్లో చుక్కలు కాకుండా మొత్తం ఒకే మాదిరిగా వెలుగుతుంది. అది చచ్చిపోతున్న కణం గానీ, రెప్లికేషన్ కుప్పకూలిన కణం గానీ కావచ్చు. దాన్ని ఫోసై లెక్కలో కలపకండి, పారేయకండి కూడా. విడిగా శాతం రాయండి. ఎంతమంది ఈ కణాలను "సరిగ్గా స్టెయిన్ కాలేదు" అని వదిలేస్తారో! మందుకు అన్నిటికంటే గట్టిగా స్పందించినవి అవే.

వెస్టర్న్ బ్లాట్ కూడా చేస్తే హెచ్2ఏఎక్స్ 15 కిలోడాల్టన్లే కాబట్టి 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ మెంబ్రేన్ వాడండి. బ్లాకింగ్ పాలపొడితో కాకుండా బీఎస్ఏతో చేయండి. అదే లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో) పీ53, పీ21, ఫాస్ఫో సీహెచ్‌కే1, ఫాస్ఫో సీహెచ్‌కే2 చూడండి. ఎంసీఎఫ్-7లో పీ53, పీ21 పెరుగుతాయి. 231లో మందు వేయకముందే పీ53 ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే పాడైన ప్రొటీన్ విరిగిపోకుండా పేరుకుంటుంది. బ్యాండ్ దట్టంగా ఉందని పీ53 పనిచేస్తోందనుకోవద్దు. పీ21 పెరగలేదంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ తర్వాత కణం ఏం చేసింది

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయే ప్రాజెక్టులు చాలా చూశాను. దయచేసి ఆగకండి. ఫోసై చేసిన రోజే, అదే మందు, అదే డోసు, అదే కడుగుడుతో ఇంకో ప్లేట్ పక్కన పెట్టండి.

ఎంటీటీ అనే రంగు పరీక్ష (బతికున్న కణాల చురుకును కొలిచేది) చాలామంది చేస్తారు, తేలిక కాబట్టి. ఆగిపోయిన కణానికీ చచ్చిన కణానికీ తేడా అది చెప్పదు. మళ్లీ విభజన చెందగల కణాలు ఎన్ని మిగిలాయో కాలనీ పరీక్ష చెబుతుంది. మందు కడిగాక కణాలను విడదీసి, 6 వెల్ ప్లేట్‌లో వెల్‌కు 500 చొప్పున వేసి, 10 నుంచి 14 రోజులు కదపకుండా పెంచి, క్రిస్టల్ వయొలెట్ వేయండి. 50 కణాలకు పైగా ఉన్న గుంపునే కాలనీగా లెక్కించాలి. మందు ఎక్కువ వేసిన వెల్‌లలో ఎక్కువ కణాలు వేయాలి, లేకపోతే లెక్కకు ఏమీ మిగలదు. వేసిన వాటిలో ఎన్ని కాలనీలయ్యాయో మందు వేయని కణాలతో పోల్చి రాయండి.

తక్కువ డోసు డాక్సోరూబిసిన్ తర్వాత ఎంసీఎఫ్-7ను ఆరేడు రోజులకు మైక్రోస్కోప్ కింద చూడండి. కణాలు బల్లపరుపుగా, పెద్దగా పరుచుకుని కనిపిస్తాయి. పీహెచ్ 6.0 దగ్గర బీటా గెలాక్టోసిడేజ్ పరీక్ష చేస్తే నీలం రంగుకు తిరుగుతాయి. ఇవి చావలేదు, విభజన మానేశాయి. దీన్ని సెనెసెన్స్ అంటాం. కాలనీలు తగ్గిపోయినా క్లీవ్డ్ పార్ప్ పెద్దగా రాకపోవడానికి ఇదొక కారణం. ఇలాంటి కణాలు చుట్టుపక్కల వాటిని ప్రభావితం చేసే ప్రొటీన్లను వదులుతూనే ఉంటాయి కాబట్టి "పెరగడం ఆగింది, గెలిచాం" అని రాసేయకండి. 231లో పీ53 పనిచేయని కారణంగా కొన్ని కణాలు తెగిన డీఎన్ఏతోనే మైటోసిస్‌లోకి (విభజనలోకి) వెళ్తాయి. డాపీలో పెద్ద కేంద్రకం పక్కన చిన్న చిన్న మైక్రోన్యూక్లియైలు కనిపిస్తాయి. 48 గంటల స్లైడ్‌లో వీటిని కూడా లెక్కపెట్టండి, అదనంగా ఖర్చేమీ లేదు.

436 లైన్ ఉంటే ఆర్ఏడీ51 స్టెయినింగ్ తప్పక చేయండి. గామా హెచ్2ఏఎక్స్ చుక్కలు బాగానే ఉంటాయి, ఆర్ఏడీ51 చుక్కలు రావు. అంటే దెబ్బ తెలిసింది, సరైన పద్ధతిలో బాగుచేసే దారి లేదు. ఆర్ఏడీ51 ఎస్, జీ2 ఫేజ్‌లలోనే వస్తుంది కాబట్టి ఆ దశల్లోనే ఉండే జెమినిన్ అనే ప్రొటీన్‌తో కలిపి స్టెయిన్ చేసి, జెమినిన్ ఉన్న కణాల్లోనే లెక్కించాలి. లేకపోతే కణచక్రం ఆగినందువల్ల రాలేదా, రిపేరు లోపం వల్ల రాలేదా తేలదు. బీఆర్‌సీఏ లోపమున్న కణాలు పార్ప్ నిరోధకాలకు తేలిగ్గా లొంగుతాయని 2005లో రెండు బృందాలు ఒకేసారి చూపించాయి. పుట్టుకతో బీఆర్‌సీఏ మార్పు ఉండి హెర్2 లేని, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు ఒలాపరిబ్ అనే పార్ప్ నిరోధకాన్ని అమెరికాలో 2018లో అనుమతించారు. డిష్‌లో కనపడని ఆ ఆర్ఏడీ51 చుక్కలకూ ఆ మాత్రకూ మధ్య సంబంధం నేరుగా ఉంది.

గ్రాఫ్ గీసేటప్పుడు ఫోసైనూ కాలనీలనూ ఒకే ఫిగర్‌లో పెట్టండి, డోసులు ఒకే వరుసలో. రెండూ పొంతన కుదరకపోతే దాచకండి. ఫోసై త్వరగా తగ్గి కాలనీలు కూడా తగ్గాయంటే రిపేరు తప్పుగా జరిగిందేమో చూడాలి. ఫోసై మిగిలే ఉండి కాలనీలు బాగానే వచ్చాయంటే దెబ్బను మోస్తూనే పెరిగే కణాలు మీ దగ్గర ఉన్నాయి. ఆ కాలనీలను ట్రిప్సిన్‌తో ఎత్తి, పెంచి, ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. వాటికి మళ్లీ అదే మందు వేసి, మొదటి నుంచి ఇదే కొలత తీయండి.